సగటు మింగేసిన సుడి: వేవ్‌లెట్లు పుట్టిన కథ

ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతాను.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో ఆన్‌లైన్ పేమెంట్లు చూసుకునే ఒక టీమ్‌లో ఉండేవాణ్ణి. కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసే ఒకావిడ వరుసగా రెండు వారాలు ఒకటే కంప్లైంట్ పెట్టారు. "మీ సిస్టమ్ మధ్య మధ్యలో ఆగిపోతోందండీ, ఫోన్‌లో జనం నన్ను తిడుతున్నారు" అని. నేను ప్రతిసారీ డాష్‌బోర్డ్ తెరిచి చూసేవాణ్ణి. సగటు రెస్పాన్స్ టైమ్ గీత గీసినట్టు నిలకడగా ఉండేది. "గ్రాఫ్ బాగానే ఉందండీ, వాళ్ళ నెట్ స్లో అయ్యుంటుంది" అని టికెట్ మూసేసేవాణ్ణి. చివరికి ఒక రాత్రి ఆ సగటు పక్కనపెట్టి అసలు లాగ్ తెరిచాను. కొన్ని నిమిషాలకోసారి, రెండు మూడు సెకన్ల పాటు, మొత్తం సిస్టమ్ బిగుసుకుపోతోంది. మిగతా టైమంతా చకచకా నడుస్తోంది కాబట్టి ఆ రెండు మూడు సెకన్లు సగటులో కరిగిపోయాయి. ఆవిడ చెప్పింది నిజం. నా గ్రాఫ్ కూడా అబద్ధం కాదు. అదే అసలు చిక్కు.

కరణం గారి కథ ఒకటి నవ్వుకుంటూ చెప్పుకుంటారు కదా. ఆయన కుటుంబంతో వాగు దాటాలి. నాలుగు చోట్ల లోతు కొలిచి సగటు తీశాడు. ఇంట్లోవాళ్ళ ఎత్తులకీ సగటు తీశాడు. లోతు కంటే ఎత్తే ఎక్కువ వచ్చింది, పదండి అన్నాడు. వాగు దాటాక చూస్తే పిల్లలు లేరు. మళ్ళీ లెక్క వేసుకున్నాడు, లెక్క కరెక్టే. మరి పిల్లలేరి?

ఈరోజు మన టాపిక్ సరిగ్గా ఇదే, కాకపోతే సైన్స్‌లో. సుడులు తిరిగే నీళ్ళని లెక్కల్లో పట్టుకోబోయి సైన్స్ దాదాపు 100 ఏళ్ళ పాటు సగటు మీదే ఎలా ఆధారపడింది? ఆ సగటు మింగేసిన సుడిని తిరిగి బయటికి తీసిన వేవ్‌లెట్ అనే పరికరం ఎక్కడి నుంచి వచ్చింది? పదండి, 1883 మాంచెస్టర్‌కి వెళ్దాం.

అక్కడ ఓవెన్స్ కాలేజీలో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఉండేవారు. ఆయన ఒక నీళ్ళ తొట్టిలో పొడవాటి గాజు గొట్టం పెట్టి, అందులోంచి నీళ్ళు పారించి, మధ్యలో సన్నగా రంగు నీళ్ళు వదిలారు. నీళ్ళు నెమ్మదిగా పోతుంటే రంగు దారం లాగినట్టు తిన్నగా సాగింది. వేగం పెంచుకుంటూ పోతే ఒక దశలో ఆ దారం చెదిరిపోయి గొట్టమంతా రంగు కలిసిపోయింది. కంటికి అది ఉత్త మసకే. కానీ ఎలక్ట్రిక్ స్పార్క్ వెలుగులో ఆ క్షణాన్ని చూస్తే, ఆ మసక అంతా విడివిడి సుడులుగా, చుట్టలు చుట్టలుగా కనపడింది. ఇంకో విషయం కూడా ఆయన గమనించారు. వేగం సరిగ్గా ఆ అంచున ఉన్నప్పుడు గొట్టమంతా ఒకేసారి చెదరడం లేదు. ఒక చోట కాసేపు చెదురుతుంది, తర్వాత ప్రశాంతం, మళ్ళీ ఇంకో చోట. అంటే అలజడి అన్ని చోట్లా సమానంగా ఉండదు, ముద్దలు ముద్దలుగా వస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి. మన కథ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

నీళ్ళు ఎప్పుడు తిన్నగా పోతాయి, ఎప్పుడు చెదురుతాయి అని చెప్పే రేనాల్డ్స్ నంబర్ మనం బీటెక్‌లో చదివాం కదా, అది ఈ ప్రయోగం నుంచి వచ్చిందే. కానీ 12 ఏళ్ళ తర్వాత, 1895లో, ఆయనే ఇంకో పేపర్ రాశారు. అందులో ప్రవాహాన్ని రెండు ముక్కలు చేశారు. ఒకటి సగటు వేగం, రెండోది ఆ సగటు చుట్టూ జరిగే ఒడిదుడుకులు. ఆ ఒడిదుడుకులని కూడా మళ్ళీ సగటు లెక్కల ద్వారానే సమీకరణాల్లోకి తెచ్చారు. ఇది చాలా గొప్ప ఆలోచన. పైపులు, డ్యాములు, ఓడలు, విమానాలు డిజైన్ చేసే ఇంజినీర్లు ఈరోజుకీ దీన్నే వాడతారు. కాబట్టి సగటుని నేను తిట్టడం లేదు. కానీ తమాషా చూడండి. 1883లో సుడి ఎక్కడుందో స్పార్క్ వెలుగులో కళ్ళారా చూసిన మనిషే, 1895లో ఆ "ఎక్కడ" అనే మాటని లెక్కలోంచి తీసేయాల్సి వచ్చింది. ఒక్కో సుడి వెంట పడి లెక్కపెట్టే దారి అప్పుడు ఎవరికీ లేదు మరి.

ఆ తర్వాత చేతికొచ్చిన పరికరం ఫూరియే. 1822లో జోసెఫ్ ఫూరియే వేడి గురించి రాసిన పుస్తకంతో ఈ పద్ధతి ప్రపంచానికి తెలిసింది. ఎంత గజిబిజి సిగ్నల్ అయినా సరే, దాన్ని రకరకాల నున్నటి అలల మొత్తంగా రాయొచ్చు అన్నది అసలు సంగతి. 1938లో జి.ఐ. టేలర్ ఈ పద్ధతిని టర్బులెన్స్ మీదికి తెచ్చారు. పెద్ద అలల్లో శక్తి ఎంత, చిన్న అలల్లో ఎంత అని విడదీసి చూపే పట్టీని స్పెక్ట్రమ్ అంటారు. ఇక పెద్ద సుడి తన శక్తిని చిన్న సుడులకిస్తుంది, అవి ఇంకా చిన్నవాటికిస్తాయి, చివరికి నీటి జిగట దాన్ని వేడిగా మార్చేస్తుంది అనే బొమ్మని లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1922లోనే ఇచ్చారు. 1941లో రష్యాలో కోల్మొగొరోవ్ ఆ బొమ్మకి గణితం కట్టారు. మధ్య సైజు సుడుల్లో శక్తి ఎలా తగ్గుతూ పోతుందో ఒకే ఒక ఘాతంతో చెప్పొచ్చు, అది మైనస్ 5/3.

ఇది నిజమా కాదా అని తేల్చాలంటే చాలా పెద్ద, చాలా వేగమైన ప్రవాహం కావాలి. ల్యాబ్ గొట్టం సరిపోదు. కెనడా పశ్చిమ తీరంలో వాంకూవర్ దీవి పక్కన డిస్కవరీ పాసేజ్ అనే ఇరుకు సముద్రపు పాయ ఉంది. ఆటుపోట్లకి అక్కడ నీళ్ళు ఉరకలు వేస్తాయి. గ్రాంట్, స్టీవర్ట్, మోయిలియే అనే ముగ్గురు ఆ నీళ్ళలో ఓడతో సెన్సార్ లాగి కొలిచారు. 1961లో ఫ్రాన్స్‌లోని మార్సేలో టర్బులెన్స్ మీద పెద్ద సదస్సు జరిగింది. స్టీవర్ట్ అక్కడ ఆ ఫలితాలు చూపించారు, కోల్మొగొరోవ్ కూడా ఆ సదస్సులోనే ఉన్నారు. 20 ఏళ్ళ క్రితం కాగితం మీద రాసుకున్న ఘాతం సముద్రపు నీళ్ళలో అచ్చంగా కనపడింది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. కానీ అదే సదస్సులో కోల్మొగొరోవ్ తన సిద్ధాంతానికి తనే సవరణ చెప్పారు. ఎందుకంటే చిన్న సుడుల శక్తి నీళ్ళంతా సమానంగా పరుచుకుని ఉండదు. 1949లోనే బాచెలర్, టౌన్‌సెండ్ అనే ఇద్దరు దీన్ని ప్రయోగంలో చూశారు. అలజడి ఒక చోట గుంపుగా ఉంటుంది, పక్కనే ప్రశాంతంగా ఉంటుంది. దీనికి పెట్టిన పేరు ఇంటర్మిటెన్సీ. రేనాల్డ్స్ గాజు గొట్టం గుర్తొచ్చిందా? ముద్దలు ముద్దలుగా రావడం. కోల్మొగొరోవ్ మొదటి లెక్కలోని సగటు, ఈ ముద్దలని మింగేసింది.

ఫూరియేతో దీన్ని చూడటం ఎందుకు కష్టం? ఒక పాట రికార్డింగ్ తీసుకోండి. ఫూరియే స్పెక్ట్రమ్ ఆ పాటలో ఏ స్వరం ఎంత మోతాదులో ఉందో ఠక్కున చెప్పేస్తుంది. కానీ పల్లవిలో వచ్చిందా, చరణంలో వచ్చిందా అంటే చెప్పదు. మృదంగం మీద పడిన ఒక్క దెబ్బ కూడా వందల అలల్లోకి చెదిరిపోతుంది. ఇక్కడ ఒక మాట సరిగ్గా చెప్పుకోవాలి. ఫూరియేలో సమాచారం పోదు. ఆ "ఎప్పుడు, ఎక్కడ" అంతా ఫేజ్ అనే భాగంలో దాక్కుంటుంది. స్పెక్ట్రమ్ గీసేటప్పుడు మనం శక్తిని మాత్రమే చూపించి ఫేజ్‌ని వదిలేస్తాం. 1946లో డెనిస్ గాబర్ దీనికి ఒక ఉపాయం చెప్పారు. సిగ్నల్‌ని ఒక కిటికీలోంచి ముక్క ముక్కగా చూడటం. కానీ ఆ కిటికీ సైజు ఒకటే. పెద్ద సుడి అందులో పట్టదు, చిన్న సుడి అందులో ఏ మూల ఉందో తెలీదు.

ఇప్పుడు కథలోకి నీళ్ళతో అసలు సంబంధమే లేని మనిషి వస్తున్నాడు. పేరు జాన్ మోర్లే. ఫ్రెంచ్ ఆయిల్ కంపెనీ ఎల్ఫ్ ఆకిటేన్‌లో జియోఫిజిక్స్ ఇంజినీర్. భూమిలోకి కంపనాలు పంపి, లోపలి రాతి పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని చదివి, ఆయిల్ ఎక్కడుందో పసిగట్టడం ఆయన పని. ఆ ప్రతిధ్వనిలో సన్నటి చురుకైన కంపనాలు లిప్తపాటులో వచ్చిపోతాయి. మందపాటివి చాలాసేపు సాగుతాయి. ఒకే కిటికీతో రెండూ చూడలేం. 1980ల మొదటికల్లా ఆయన ఒక మార్గం పట్టారు. కిటికీ సైజు మార్చకుండా లోపలి అలల సంఖ్య మార్చే బదులు, ఒక చిన్న అల ఆకారాన్ని తీసుకుని, దాన్నే సాగదీశారు, దాన్నే నొక్కారు. సన్నటి విషయం కోసం నొక్కిన అల, పెద్ద విషయం కోసం సాగిన అల. ఆ చిన్న అలనే ఫ్రెంచ్‌లో ఓన్‌డెలెట్ అన్నారు, ఇంగ్లీష్‌లో వేవ్‌లెట్ అయింది.

ఆయన తోటి జియోఫిజిసిస్టులు నమ్మలేదు. ఇది నిజమే అయితే గణిత శాస్త్రజ్ఞులకి ఎప్పుడో తెలిసుండాలి కదా అన్నది వాళ్ళ అనుమానం. సపోర్ట్ టీమ్ ఆవిడకి నేనిచ్చిన సమాధానం కూడా దాదాపు ఇదే తీరు. మా డాష్‌బోర్డ్‌లో లేదు కాబట్టి లేదు. కానీ మోర్లే ఆగలేదు. రోజే బాలియాన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆయన్ని అలెక్స్ గ్రాస్‌మన్ దగ్గరికి పంపారు. గ్రాస్‌మన్ క్వాంటమ్ ఫిజిక్స్ మనిషి, పనిచేసేది మార్సేలో. అవును, 1961లో ఆ సదస్సు జరిగిన మార్సేనే. మోర్లే చేతి లెక్క ఎందుకు పనిచేస్తోందో గ్రాస్‌మన్ నిరూపించారు. సిగ్నల్‌ని వేవ్‌లెట్లుగా విడగొట్టి, మళ్ళీ ఏమీ పోకుండా కలపొచ్చు. ఇద్దరి పేపర్ 1984లో వచ్చింది.

ఆ తర్వాత పరుగే. పారిస్ దగ్గర ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఈవ్ మేయర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు జిరాక్స్ మెషిన్ దగ్గర తన వంతు కోసం నిలబడ్డారు. ముందున్న సహోద్యోగి కాపీ తీసుకుంటున్నది ఈ పేపరే. మేయర్ అది చదివి, తన రంగంలో 20 ఏళ్ళ క్రితం కాల్డెరాన్ ఇచ్చిన ఒక సూత్రం ఇందులో ఉందని గుర్తుపట్టి, రైలెక్కి మార్సే వెళ్ళిపోయారు. ఒకదానిలో చెప్పింది ఇంకోదానిలో మళ్ళీ చెప్పని, నున్నటి వేవ్‌లెట్లు ఉండవని నిరూపించబోయి, అవే కట్టేశారు. 1980ల చివర్లో స్తెఫాన్ మలా వాటికి కంప్యూటర్‌లో చకచకా నడిచే ఆల్గరిథమ్ ఇచ్చారు. 1988లో ఇంగ్రిడ్ డోబషీ పొట్టిగా ఉండి, ఇంజినీర్లు వెంటనే వాడుకోగలిగే వేవ్‌లెట్లు ప్రచురించారు. 1993లో ఎఫ్‌బీఐ వేలిముద్రలని కుదించి దాచడానికి వేవ్‌లెట్ పద్ధతినే ఎంచుకుంది. మేయర్‌కి 2017లో ఆబెల్ ప్రైజ్ వచ్చింది.

సరే, థియరీ చాలు. ఒక కాగితం తీసుకోండి, మనమే ఒక వేవ్‌లెట్ వేద్దాం. అన్నిటికన్నా సింపుల్‌ది హార్ వేవ్‌లెట్. ఆల్ఫ్రెడ్ హార్ అనే హంగేరియన్ 1910లోనే ప్రచురించారు, కాకపోతే అప్పటికి వేవ్‌లెట్ అనే పేరు లేదు. నీటి వేగం ఎనిమిది సార్లు కొలిచాం అనుకోండి: 4, 4, 4, 4, 4, 12, 4, 4. సగటు 5. సగటు చూస్తే ప్రశాంతమైన కాలువ.

ఇప్పుడు రెండేసి అంకెలు జత కట్టండి. ప్రతి జతకీ సగటు ఒకటి, రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వచ్చే తేడాలో సగం ఒకటి రాయండి. సగట్లు 4, 4, 8, 4. తేడాలు 0, 0, 4, 0. చూశారా, మూడో జతలో ఏదో జరిగిందని ఆ 4 వేలెత్తి చూపిస్తోంది. ఇప్పుడు సగట్లని మళ్ళీ జత కట్టండి. సగట్లు 4, 6 అవుతాయి. తేడాలు 0, మైనస్ 2. ఇంకోసారి చేస్తే సగటు 5, తేడా 1. అంతే. మీ చేతిలో ఇప్పుడు ఎనిమిది అంకెలున్నాయి: 5, 1, 0, మైనస్ 2, 0, 0, 4, 0. వీటి నుంచి మొదటి ఎనిమిదీ వెనక్కి తెచ్చుకోవచ్చు. సగం సున్నాలు. మిగిలిన అంకెలు ఏ సైజులో, ఏ చోట అలజడి ఉందో చెబుతున్నాయి. "ఎంత" పోలేదు, "ఎక్కడ" కూడా పోలేదు.

దీన్ని నీళ్ళ మీదికి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు మరీ ఫార్జ్. పారిస్‌లో 1988లో ఆమె రబ్రో అనే సహచరుడితో కలిసి, కంప్యూటర్‌లో నడిపిన టర్బులెంట్ ప్రవాహాన్ని వేవ్‌లెట్లతో విశ్లేషించారు. 1989లో ఆర్నియోడో బృందం నేచర్ పత్రికలో, రిచర్డ్‌సన్ చెప్పిన పెద్ద సుడి నుంచి చిన్న సుడికి దిగే మెట్లని వేవ్‌లెట్లతో బొమ్మగా చూపించింది. వాళ్ళు వాడింది గాలి సొరంగం డేటా. గాలైనా నీళ్ళైనా ఈ సమీకరణాలు ఒకటే కాబట్టి ఫరవాలేదు. 1991లో చార్ల్స్ మెనెవో శక్తి ఏ చోట ఏ సైజుకి మారుతోందో లెక్కకట్టారు. సగటున శక్తి పెద్దదాని నుంచి చిన్నదానికే పోతుంది. కానీ కొన్ని చోట్ల ఉల్టాగా, చిన్నదాని నుంచి పెద్దదానికి కూడా వస్తుంది. సగటులో ఇది ఎప్పటికీ కనపడదు.

నాకు బాగా నచ్చిన ఫలితం 2001లోది. ఫార్జ్, పెలెగ్రినో, ష్నైడర్ ముగ్గురూ 256 x 256 x 256 పాయింట్ల ప్రవాహాన్ని తీసుకున్నారు. అంటే దాదాపు 1.68 కోట్ల పాయింట్లు. వాటిని వేవ్‌లెట్లుగా మార్చి, బలమైనవి 3 శాతం మాత్రం ఉంచారు. ఆ 3 శాతంలోనే గొట్టాల్లా మెలి తిరిగిన సుడులన్నీ ఉన్నాయి, 98.9 శాతం శక్తీ ఉంది, కోల్మొగొరోవ్ మైనస్ 5/3 కూడా అలాగే ఉంది. మిగతా 97 శాతంలో ఏ ఆకారమూ లేదు, ఉత్త గుసగుస. రేనాల్డ్స్ స్పార్క్ వెలుగులో చూసిన చుట్టలు 118 ఏళ్ళ తర్వాత ఇలా లెక్కలోకి వచ్చాయి.

సరే, దీనివల్ల మనకేంటి అంటారా? నది అడుగున ఇసుక కదిలేది సగటు వేగం వల్ల మాత్రమే కాదు. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో క్లైన్ బృందం నీళ్ళ కాలువలో సన్నటి హైడ్రోజన్ బుడగలు వదిలి చూసింది. అడుగున నెమ్మదిగా పోయే నీళ్ళ చారలు ఉన్నట్టుండి పైకి ఎగసి చెదిరిపోతున్నాయి. వీటిని బరస్ట్ అన్నారు. 1971లో మన బెంగళూరు ఐఐఎస్సీ నుంచి నరహరి రావు, రొద్దం నరసింహ, బద్రి నారాయణన్ ఈ బరస్ట్‌ల మీద రాసిన పేపర్ ప్రపంచమంతా చదివింది. అవి ఎంత తరచుగా వస్తాయన్నది అడుగున ఉన్న పల్చటి పొర మీద కాదు, మొత్తం ప్రవాహం మీద ఆధారపడుతుందని వాళ్ళు చూపించారు. రొద్దం అనే ఊరు మన అనంతపురం వైపు ఉంది, ఆ పేరు చూసినప్పుడల్లా నాకు అదో సంతోషం. వేవ్‌లెట్లు రాకముందే వాళ్ళు సిగ్నల్‌లో "ఎప్పుడు" అని వెతికారు. ఈరోజు అలాంటి బరస్ట్‌లని వెతకడానికి వేవ్‌లెట్లు మామూలు పరికరం అయిపోయాయి.

వంతెన స్తంభం దగ్గర అయితే ప్రవాహం గుర్రపు నాడా ఆకారంలో సుడి కట్టి, పునాది చుట్టూ మట్టిని తవ్వేస్తుంది. 1987 ఏప్రిల్ 5న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కోహారీ క్రీక్ వంతెన వరదలో కూలి 10 మంది చనిపోయారు. పునాది కింద మట్టి కోసుకుపోవడమే కారణం. వేవ్‌లెట్ ఉంటే ఆ వంతెన నిలిచేది అని నేను అనను. అక్కడ పునాది చుట్టూ రక్షణగా రాళ్ళు సరిగ్గా లేకపోవడం పెద్ద లోపం. నేను చెప్పేది ఇంతే. నీళ్ళు తవ్వేది ఒకానొక చోట, ఒకానొక క్షణంలో. ఆ చోటుని చూపించే లెక్క మన చేతిలో ఉండాలి.

వేవ్‌లెట్ కూడా మంత్రదండం కాదు. ఏ వేవ్‌లెట్ ఎంచుకుంటే బొమ్మ కొంచెం అలా మారుతుంది. చోటు ఎంత కచ్చితంగా కావాలంటే ఫ్రీక్వెన్సీ అంత మసకబారుతుంది, ఈ బేరం ఎవరూ తప్పించుకోలేరు. టర్బులెన్స్ వెనకున్న నేవియర్-స్టోక్స్ సమీకరణాల మీద 2000లో ప్రకటించిన పది లక్షల డాలర్ల బహుమతి ఇంకా ఎవరికీ అందలేదు.

నా కథకి వస్తాను. ఆ రాత్రి లాగ్ చూశాక, పొద్దున్నే ఆవిడకి ఫోన్ చేసి సారీ చెప్పాను. "సరేలేండి, ఇప్పటికైనా చూశారు" అన్నారు, అంతే. తర్వాత మా డాష్‌బోర్డ్‌లో సగటు గీత తీసెయ్యలేదు. దాని పక్కనే, ఏ క్షణంలో ఏం జరిగిందో చూపించే ఇంకో గీత పెట్టాం. రేనాల్డ్స్ సగటు అవసరమే, స్పార్క్ వెలుగూ అవసరమే.

కాబట్టి ఎవరైనా మీ దగ్గరికొచ్చి "ఇక్కడ ఏదో తేడాగా ఉందండీ" అంటే, ముందు మీ సగటు చూపించకండి. ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. కాగితం మీద ఆ ఎనిమిది అంకెలు వేసి చూసినవాళ్ళు, 12ని ఇంకో చోటికి జరిపితే ఏ అంకెలు మారాయో కామెంట్‌లో రాయండి. మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.